యుద్ధకాలపు ఇటలీలో ఇంటి లెక్కలు: కార్డు, ఉప్పు, సొరంగం

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇటలీలో ఒక మామూలు కుటుంబం చుట్టూ నవల రాస్తున్నానన్నారు. సైన్యాల కదలికలు ఎక్కడైనా దొరుకుతున్నాయి గానీ, ఆ ఇంట్లో ఏం వండారు, దేనికి క్యూ కట్టారు, సైరన్ మోగితే ఎటు పరిగెత్తారు అన్నవి దొరకడం లేదని అడిగారు. మంచి ప్రశ్న. ఇలాంటి కథలు చాలావరకు వంటింట్లోనే దొరికిపోతాయి.

మొదట మీ కుటుంబం ఏ ఊళ్లో ఉందో, కథ ఏ నెలలో నడుస్తోందో ఖాయం చేసుకోండి. ఇటలీ 1940 జూన్ 10న జర్మనీ పక్షాన యుద్ధంలోకి దిగింది. 1943 సెప్టెంబరు 8న మిత్రరాజ్యాలతో సంధి ప్రకటించింది. ఆ రాత్రి నుంచి దేశం రెండు ముక్కలు: కింద మిత్రసేనలు, పైన జర్మన్లు. ఆ గీత మెల్లగా పైకి జరుగుతూ పోయింది. నేపుల్స్ 1943 అక్టోబరు 1న, రోమ్ 1944 జూన్ 4న, బొలోన్యా 1945 ఏప్రిల్ 21న జర్మన్ల చేతి నుంచి బయటపడ్డాయి. కాబట్టి "1944లో ఇటలీలో" అని మొదలయ్యే వాక్యానికి అర్థం లేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో నేపుల్స్‌లో అమెరికన్ల తెల్ల పిండి దొంగచాటుగా అమ్ముడవుతోంది. రోమ్‌లో మాత్రం మగవాళ్లు దాక్కుంటున్నారు.

రెండో సంగతి. ఆ అయిదేళ్లలో ఎవరింట్లో కడుపు నిండింది అన్నది జీతం మీద కన్నా, పల్లెలో చుట్టాలెవరైనా ఉన్నారా, అక్కడికి వెళ్లే దారి ఉందా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడింది. గుమాస్తాలు, టీచర్లు, పింఛనుదారులు కూలీల కన్నా ఘోరంగా దెబ్బతినడానికి కారణం అదే. మీ కథానాయకుడు పట్నపు గుమాస్తా అయితే, అతని భార్య పుట్టిల్లు ఎక్కడన్నది నవలకు ప్రాణం.

ఇక కార్డు. దాన్ని తెస్సెరా అంటారు. ఇంటికొకటి కాదు, మనిషికొకటి. అంచుల్లో చించుకునే కూపన్లు ఉంటాయి. చేతిలో కార్డు ఉంది కదా అని ఏ దుకాణానికైనా వెళ్లడం కుదరదు. సరుకు ఏ దుకాణంలో తీసుకుంటారో ముందే చెప్పి, ఆ కూపన్ అక్కడ ఇచ్చి నమోదు చేయించుకోవాలి. దుకాణదారు ఆ కూపన్లు లెక్కగట్టి పైకి పంపితే, దాన్నిబట్టి సరుకు వస్తుంది. రాకపోతే చేసేదేమీ లేదు. పక్క వీధిలో ఉన్నా అక్కడ ఇవ్వరు. అందుకే దుకాణదారుతో తగువు పెట్టుకునే ధైర్యం ఏ ఇల్లాలికీ ఉండేది కాదు. సన్నివేశానికి పనికొచ్చే సంగతి ఇది.

పరిమాణాలు చూడండి. చక్కెర నెలకు తలకు అరకిలో. 1940 డిసెంబరు నుంచి పాస్తా, బియ్యం, పిండి మూడూ కలిపి నెలకు రెండు కిలోలు. రొట్టెకు రేషన్ 1941 అక్టోబరు 1న వచ్చింది, రోజుకు 200 గ్రాములు. 1942 మార్చిలో దాన్ని 150కి దించారు. బరువు పనివాళ్లకు కొంత ఎక్కువ ఇచ్చేవారు. మామూలు పెద్ద మనిషికి కార్డు మీద వచ్చేదంతా కలిపినా రోజుకు సుమారు 1000 కేలరీలు, అంటే అవసరంలో సగం. జనం బెల్టుకు కొత్త రంధ్రాలు పొడుచుకుంటూ, ఆఖరి దానికి "ఫోరో ముస్సోలినీ" అని పేరు పెట్టారు. ఫోరో అంటే రంధ్రం. రోమ్‌లో ముస్సోలినీ కట్టించిన క్రీడా మైదానాల పేరు కూడా అప్పట్లో అదే.

ఆ 150 గ్రాములు కూడా అచ్చమైన గోధుమ అనుకోకండి. తవుడు తీయకుండా ఆడించిన పిండిలో మొక్కజొన్న, బంగాళాదుంప కలిపేవారు. గోధుమలో ఉండే సాగే గుణం వీటికి లేదు. పిండి పొంగదు, నీళ్లు పట్టి ఉంచుతుంది. రొట్టె అమ్మేది తూకానికి కాబట్టి సరిగ్గా కాల్చకుండా తడిగా తీస్తే బేకరీవాడికి లాభం. కొన్నవాళ్లకు దక్కేది లోపల బంకగా సాగే ముద్ద, అదీ రెండో రోజుకే బూజు పట్టేది. మీ పాత్ర రొట్టెను ముక్కలు కోసి మళ్లీ పొయ్యి మీద కాల్చుకుంటే అది రుచి కోసం అని రాయకండి. కాఫీ గింజలు యుద్ధంలో దిగకముందే కరువయ్యాయి. వాటి బదులు వేయించిన బార్లీ, చికోరీ వేరు. బార్లీ కాఫీని ఇటలీలో ఇప్పటికీ ఇష్టంగానే తాగుతారు.

కార్డు పద్ధతి ఎందుకు కూలిపోయింది? పల్లెలో ధాన్యం లేక కాదు. ప్రభుత్వం అమ్మాస్సో పేరుతో రైతుల నుంచి నిర్ణీత ధరకు పంట సేకరించేది. మన రైతుల మాటలో చెప్పాలంటే లెవీ. ఇంటి ఖర్చుకు తలకు ఇంత అని వదిలి మిగతాది తోలమనేవారు. బయట ధర పెరుగుతూ పోయింది, లెవీ ధర దాన్ని అందుకోలేదు. టస్కనీ, ఎమీలియా, మార్కే ప్రాంతాల్లో ఎక్కువమంది సగపాలుకు చేసేవాళ్లు. పంటలో సగం భూస్వామికి, తన సగంలోంచి లెవీ. దాచక ఏం చేస్తారు? గదికి అడ్డంగా దొంగగోడ కట్టి వెనక పోసేవారు, గాజు సీసాల్లో పోసి మూతికి మైనం పెట్టి పూడ్చేవారు. ఇక్కడ చెడేది తొందరవల్ల. సరిగ్గా ఎండని గోధుమను మూసి పెడితే లోపలే వేడెక్కి బూజు పట్టిపోతుంది. నూర్చిన వెంటనే తనిఖీ వస్తుందన్న భయంతో పచ్చిగానే పూడ్చి, చలికాలంలో తీసేసరికి వాసన కొట్టే ధాన్యం చూసుకున్న ఇల్లు మీ నవల్లో ఉండొచ్చు. దొంగచాటుగా పందిని కోయడమూ మామూలే. అందులో చిక్కల్లా దాని అరుపు.

తిండి పట్నానికి రానప్పుడు పట్నమే తిండి దగ్గరకు పోవాలి. ఆదివారం రైళ్లు ఖాళీ సూట్‌కేసులతో బయల్దేరి బరువుగా తిరిగొచ్చేవి. స్టేషన్లో తనిఖీ, పట్టుకుంటే సరుకు పోయినట్టే. లారీలు, బస్సులు కట్టెల గ్యాసుతో నడిచాయి. మన దగ్గర అదే యుద్ధంలో బొగ్గుబస్సులు తిరిగాయి, అదే యంత్రం. లీటరు పెట్రోలు చేసే పనికి రెండున్నర, మూడు కిలోల కట్టె కావాలి. రాజేశాక కదలడానికి పావుగంట పట్టొచ్చు. ఎత్తు ఎక్కలేకపోతే ప్రయాణికులు దిగి తోయాలి. సైకిలే అసలైన ఆస్తి. టైర్లకు రబ్బరు దొరక్క తోటపైపు ముక్కలు చుట్టేవారు. రోమ్‌లో ప్రతిఘటన దళాలు సైకిళ్ల మీద వచ్చి దాడి చేస్తున్నాయని జర్మన్లు సైకిలు నడపడమే నిషేధించారు. జనం మూడో చక్రం తగిలించి "ఇది సైకిలు కాదు" అన్నారు.

1944 చలికాలానికి కాగితం డబ్బును రైతు నమ్మడం మానేశాడు. వస్తు మార్పిడి మొదలైంది. దుప్పట్లు, కుట్టుమిషను, పెళ్లినాటి నగలు. ఒక్కమాట: పెళ్లి ఉంగరం మార్చుకున్న సన్నివేశం రాసేముందు ఆలోచించండి. ఇథియోపియా యుద్ధకాలంలో, 1935 డిసెంబరు 18న, దేశానికి బంగారం పేరుతో లక్షలాది ఆడవాళ్ల ఉంగరాలు ప్రభుత్వం తీసుకుని ఇనుప ఉంగరాలు తొడిగింది. మీ ఇల్లాలి వేలికి అప్పటికి బంగారం ఉందా, అప్పుడు దాచుకుందా అన్నది తేల్చండి.

అన్నింటికన్నా గట్టి నాణెం ఉప్పు. దీని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నవలల్లో దాదాపు కనిపించదు. అప్పటి ఇటలీలో ఉప్పు ప్రభుత్వ గుత్తసొత్తు, పొగాకు దుకాణంలోనే అమ్మేవారు. పాత దుకాణాల బోర్డుల మీద "ఉప్పు, పొగాకు" అన్న మాటలు నేటికీ కనిపిస్తాయి. పెద్ద ఉప్పు మడులు సిసిలీ, సార్డీనియా, పూలియాల్లో, అంటే దక్షిణాన. 1943 చివర సరిహద్దు గీత పడగానే ఉత్తరానికి అవి తెగిపోయాయి. పార్మా మైదానంలో పందిమాంసం, జున్ను రెండూ ఉప్పు మీద బతికే సరుకులు. వంద కిలోల సాసేజి మాంసానికే రెండున్నర నుంచి మూడు కిలోల ఉప్పు కావాలి, తొడలు నిల్వ చేయాలంటే ఇంకా ఎక్కువ. ఉప్పు లేకపోతే కోసిన పంది కుళ్లిపోతుంది. కొండలకు ఇటువైపు మాస్సా, కర్రారా, లా స్పేత్సియా తీరంలో సముద్రం ఉంది, పిండి లేదు. అటువైపు పిండి ఉంది, ఉప్పు లేదు.

తీరంలో సముద్రపు నీళ్లు కాచేవారు. మధ్యధరా నీటిలో లీటరుకు సుమారు 38 గ్రాముల లవణాలు ఉంటాయి, అందులో తినే ఉప్పు 29–30 గ్రాములు. కిలో ఉప్పుకు 30 నుంచి 35 లీటర్లు కాచాలన్నమాట. అంత నీటిని బహిరంగ పొయ్యి మీద ఇగర్చడానికి, వేడిలో చాలాభాగం గాలికి పోతుంది కాబట్టి, పాతిక కిలోల కట్టె లెక్కేసుకోండి. నది కలిసేచోట నీళ్లు ముంచితే ఉప్పదనం తక్కువ, కట్టె రెట్టింపు అవుతుంది. కాగుతున్నప్పుడు మొదట అడుగున తెల్లటి గరుకు పెచ్చు కడుతుంది. అది సున్నం, జిప్సం, ఉప్పు కాదు. ఆ దశలో నీటిని వేరే పాత్రలోకి వంచాలి. నీళ్లు మొదటి కొలతలో పదో వంతుకు దిగాక అసలు ఉప్పు పలుకులు కడతాయి. పూర్తిగా ఎండేదాకా కాయకూడదు. చివర మిగిలే చిక్కటి నీళ్లలో మెగ్నీషియం లవణాలుంటాయి, పచ్చి చేదు. తడి ఉప్పును గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే ఆ చేదునీళ్లు కారిపోతాయి. ఆత్రపడి మొత్తం ఇగరబెట్టినవాళ్ల ఉప్పు బరువు తూగేది గానీ, గాలి తగలగానే నీరు కారేది, మాంసానికి చేదు పట్టించేది. కొనేవాడు నాలుక మీద వేసుకునే చూసేవాడు. ఇనుప పాత్రలో కాస్తే తుప్పు దిగి ఎర్రబడుతుంది. ఇక రాత్రి మంట కనబడితే దీపాల నిషేధం కింద నేరం, పగలైతే పొగ.

ఆ ఉప్పును మోసింది ఆడవాళ్లు. మగవాడు రోడ్డు మీద కనబడితే పట్టుకుని ముస్సోలినీ సైన్యంలోకో, జర్మన్ల టోడ్ట్ సంస్థ కింద కందకాల పనికో తోలేవారు. 1944 ఫిబ్రవరి నుంచి సైన్యంలో చేరని యువకుడికి మరణశిక్ష. అందుకని తల్లులు, కూతుళ్లు గుంపులుగా అపెన్నైన్ కొండలెక్కి, చీసా కనుమ లాంటి వెయ్యి మీటర్ల పైచిలుకు దారులు దాటి, పార్మా వైపు దిగి, ఉప్పు ఇచ్చి పిండి తెచ్చుకునేవారు. పోనూ రానూ రోజుల తరబడి నడక, రాత్రి పశువుల కొట్టాల్లో పడక. తిరుగుదారిలో బరువు తగ్గదు, సరుకు మారుతుంది, అంతే. చెక్‌పోస్టులో పోతే రెండు వైపుల శ్రమా పోయినట్టే.

కొండల్లో ఉన్నవాళ్లను చెస్ట్‌నట్ కాపాడింది. మెతాతో అనే చిన్న రాతి గుడిసెలో, కర్ర పట్టీల అటక మీద కాయలు పరిచి, కింద నెల నుంచి నలభై రోజులు నిప్పు రగిలిస్తూ పొగ పెడతారు. మంట లేవకూడదు, లేస్తే కాయ ఉడికి పిండి చేదెక్కుతుంది. మూడు కిలోల పచ్చికాయకు కిలో ఎండుకాయ. పిండి తియ్యగా ఉంటుంది, పొంగదు, రొట్టె రాదు. అట్లు, సంకటి మాత్రమే. ఎండాకాలం దాకా నిలవ ఉండదు.

మిగతావి గబగబా చెప్తాను. వంటచెరకు ఆదాకు పాత పేపర్లు నానబెట్టి, పిండి, ఉండలు చుట్టి, ఎండబెట్టి కాల్చేవారు. సబ్బు లేక బూడిదనీళ్లే. మట్టి బానలో బట్టలు సర్ది, పైన మందపు గుడ్డ పరిచి, బూడిద పోసి, మరిగే నీళ్లు పోస్తే క్షారం కిందికి దిగుతుంది. మన చాకలి ఉబ్బకు దగ్గర చుట్టం. పాల విరుగుడు పదార్థంతో లనితాల్ అనే నకిలీ ఉన్ని తీశారు, తడిస్తే బలం ఉండేది కాదు. చెప్పులకు కార్క్, కర్ర అట్టలు.

ఇక బాంబులు. 1942 అక్టోబరు నుంచి జెనోవా, మిలాన్, తురీన్ మీద రాత్రి దాడులు ముమ్మరమయ్యాయి. ప్రతి భవనానికీ ఒక బాధ్యుడు ఉండేవాడు. అటకల మీది చెక్కసామాను ఖాళీ చేయించి ఇసుక బకెట్లు పెట్టించేవాడు, కిటికీలోంచి వెలుతురు కనబడితే అరిచేవాడు. దీపాలకు నీలం రంగు, అద్దాలకు కాగితం పట్టీలు. అపార్ట్‌మెంట్ల కింది సెల్లారే చాలామందికి ఆశ్రయం. దానికి దూలాలు ఆన్చి బలం ఇచ్చేవారు. గోడ మీద బాణంతో "ఆర్" అక్షరం వేస్తే ఆశ్రయం అటు, "యూ ఎస్" అంటే అత్యవసర ద్వారం, "ఐ" అంటే నీటి గొట్టం. భవనం కూలి మెట్లు పూడితే ఎక్కడ తవ్వాలో తెలియడానికే ఆ రెండో గుర్తు. మిలాన్, తురీన్ గోడల మీద చెదిరిన రంగులో ఇవి ఇప్పటికీ కనిపిస్తాయి.

ఆశ్రయాల్లో చావుకు బాంబే పడనక్కర్లేదు. 1942 అక్టోబరు 23న జెనోవాలో గ్రాత్సియే సొరంగంలోకి దిగే మెట్ల మీద తొక్కిసలాటలో 354 మంది పోయారు. నిలువుగా దిగే మెట్లు, చీకటి, వెనక నుంచి తోపులాట. ముందువాళ్లు పడితే పైవాళ్లకు తెలిసేది కాదు. నేపుల్స్‌ పరిస్థితి వేరు. ఊరి కిందంతా మెత్తని అగ్నిపర్వత రాయి తొలిచిన పాత నీటి గుహలు, పదుల మీటర్ల లోతున. ఇల్లు పోయినవాళ్లు అందులోనే నెలల తరబడి కాపురం ఉన్నారు, కరెంటు దీపాలు, మరుగుదొడ్లు కూడా ఏర్పాటయ్యాయి. ఆ గుంపులో చీరపేలు, పేలతో టైఫస్ అనే విషజ్వరం వచ్చాయి. అది తర్వాత చెప్తాను. ఉత్తరాన 1944 నుంచి రాత్రిళ్లు ఒంటరిగా తిరిగే విమానానికి జనం "పిప్పో" అని పేరు పెట్టుకున్నారు. ఒక్క దీపం కనబడినా పిప్పో వేసేస్తాడని పిల్లల్ని భయపెట్టేవారు.

పట్నం వదిలి పల్లెకు చేరినవాళ్లను స్ఫొల్లాతి అనేవారు. పనివాడు పగలు ఫ్యాక్టరీలో, రాత్రి పల్లెలో, మధ్యలో కిక్కిరిసిన రైలు. ఇలా వెళ్లిన కుటుంబ యజమానులకు 192 గంటల జీతం అదనంగా ఇస్తామన్నారు. మరి వెళ్లలేక బాంబుల కిందే ఉన్నవాడి సంగతేంటి? 1943 మార్చిలో తురీన్‌లో ఫియట్ మీరాఫియోరీ నుంచి మొదలైన సమ్మెల్లో "192 గంటలు అందరికీ" అన్నదే ముఖ్యమైన కోరిక. ఫాసిజం కింద జరిగిన పెద్ద సమ్మెలవి. ఇంటి లెక్కలోంచి పుట్టాయి.

సెప్టెంబరు 8 తర్వాత పై అధికారుల ఆదేశాలు లేక సైన్యం చెల్లాచెదురైంది. ఆరు లక్షలకు పైగా సైనికులను జర్మన్లు శిబిరాలకు తీసుకెళ్లారు. తప్పించుకున్నవాళ్లు కనబడిన తలుపల్లా తట్టి మామూలు బట్టలడిగారు. కొడుకు ఏదో యుద్ధరంగంలో ఉన్న తల్లి, ఎవరి కొడుక్కో అతని చొక్కా ఇచ్చేది. బట్టలు దొరికినా సైన్యపు బూట్లు పట్టించేవి. ఆ చలికాలమంతా మగవాళ్లు అటకల్లో, ఆడవాళ్లు వీధుల్లో. రోమ్‌లో 1944 మార్చి 3న తెరెసా గుల్లాచే అనే గర్భిణి, పట్టుకుపోయిన భర్త కోసం బ్యారక్ ముందుకొచ్చి జర్మన్ సైనికుడి తూటాకు పడిపోయింది. అదే నెలాఖరుకు ఊళ్లో రొట్టె 100 గ్రాములకు దిగింది, ఆడవాళ్లు బేకరీల మీద పడ్డారు.

దక్షిణాన విముక్తి వచ్చినా ఆకలి తగ్గలేదు. మిత్రసేనలు తమ లీరా నోట్లు అచ్చేసి డాలరుకు వంద చొప్పున కట్టాయి. యుద్ధానికి ముందు డాలరుకు ఇరవై లోపే. సైనికుడి జేబులో చిల్లర, గుమాస్తా నెల జీతాన్ని మింగేసింది. 1938తో పోలిస్తే 1947కి జీవన వ్యయం సుమారు 50 రెట్లు. ప్రభుత్వ బాండ్లు కొన్నవాళ్ల దాపుడు డబ్బు ఆవిరైంది. అద్దెలు చట్టంతో గడ్డకట్టి ఉండటంతో అద్దెకున్నవాళ్లు నెగ్గారు, ఒక్క ఇంటి అద్దె మీద బతికే విధవలు దివాలా తీశారు. నేపుల్స్‌లో టైఫస్ మోసే పేలకు మందు డీడీటీ పొడి. గొట్టంతో మెడ దగ్గర, చేతుల్లోంచి, నడుం దగ్గర బట్టల లోపలికి ఊదేవారు. 1944 తొలి నెలల్లో పది లక్షలకు పైగా జనానికి చల్లారు. బట్టలు విప్పనక్కర్లేకపోవడమే అసలు కీలకం. మార్చుకోవడానికి రెండో జత లేదు, ఉడకబెట్టడానికి నీళ్లు లేవు, జర్మన్లు పోతూ నీటి సరఫరా పేల్చేశారు. రోమ్ దిగువన పొంటీన్ చిత్తడి నేలల్లో నీళ్లు తోడే పంపులు ఆపి జర్మన్లు నీళ్లు నిలబెడితే మలేరియా తిరిగొచ్చింది.

మీ కథలో తెలుగు పాత్ర పెట్టాలనుకుంటే ఒక నిజమైన దారి ఉంది. 4, 8, 10 భారతీయ డివిజన్లు ఇటలీలో పోరాడాయి. వాటిలో వంతెనలు కట్టి, మందుపాతరలు తీసిన ఇంజినీర్ దళాల్లో మద్రాస్ శాపర్లు ఉన్నారు. ఆ రెజిమెంటులో తెలుగువాళ్లకు పాత చరిత్ర ఉంది. 1943 నవంబరులో సాంగ్రో నది ఒడ్డున 8వ డివిజన్ కనిపిస్తుంది. అప్పుడు అక్కడ వానలు, మోకాలి లోతు బురద, వరదకు కొట్టుకుపోయే వంతెనలు. ఊళ్లు జర్మన్లు పేల్చేసి పోయినవి. మీ శాపర్ చేతిలోని డిటెక్టర్ లోహపు మందుపాతరకు కూస్తుంది, చెక్కపెట్టెలో పెట్టినదానికి కూయదు. దానికి సంగీనుతో వాలుగా, నెమ్మదిగా నేలను గుచ్చుకుంటూ పోవాలి. వెనకాల పొలం రైతు నిలబడి ఉంటాడు. గోధుమ విత్తే అదను నవంబరు.